షోరూమ్ ‘ప్రొటెక్షన్ ప్యాకేజీ’ రివ్యూ: ఏది ఉంచుకోవాలి, ఏది కొట్టేయించాలి

కొత్త లగ్జరీ కారు బేరం కుదిరాక, సంతకాలకు ముందు బల్ల మీదికి ఇంకో కాగితం వస్తుంది. పెయింట్ ప్రొటెక్షన్ ఫిల్మ్ (పీపీఎఫ్), సిరామిక్ కోటింగ్, సీట్లకు లెదర్ ట్రీట్‌మెంట్, కారు అడుగుకు అండర్‌కోటింగ్, టైర్లలో నైట్రోజన్, టైర్లకూ రిమ్ములకూ కవర్, పొడిగించిన వారంటీ. ఏడింటికీ కలిపి ఒకటే అంకె. విడదీసి రాయమంటే సేల్స్ మనిషి మొహం మారుతుంది. అయినా రాయించుకోండి. ఏడింటిలో మూడు సరైన చేతిలో పడితే నిజంగా పనికొస్తాయి, ఒకటి ఫర్వాలేదు, మూడు దండగ.

సరైన చెయ్యి ఏదో తేల్చే ప్రశ్న ఒకటే: నాలుగో ఏడు ఆ కారు ఎవరి దగ్గరుంటుంది? మూడేళ్ల లీజు తీరగానే తాళాలు తిరిగిచ్చేసే మనిషికీ, ఎనిమిదేళ్లు వాడే మనిషికీ ఒకే ప్యాకేజీ అమ్ముతారు. ఇద్దరి అవసరాలూ దాదాపు ఎక్కడా కలవవు.

లీజులో కలిపితే ఏమవుతుంది

లీజు కిస్తులో రెండు ముక్కలుంటాయి. మొదటిది తరుగు. ఒప్పుకున్న ధరలోంచి, లీజు చివర కారుకు ఇంత ఉంటుందని కంపెనీ ముందే రాసుకున్న విలువను, అంటే రెసిడ్యువల్‌ను తీసేసి, మిగిలినదాన్ని నెలలతో భాగిస్తారు. రెండోది వడ్డీ. కొన్నిచోట్ల దీన్ని శాతంగా చెప్పకుండా ‘మనీ ఫ్యాక్టర్’ అనే చిన్న దశాంశంగా రాస్తారు. దాన్ని 2400తో గుణిస్తే ఏడాది వడ్డీ శాతం బయటపడుతుంది. 0.0025 అని ఉంటే 6 శాతం అన్నమాట. ఈ ఫ్యాక్టర్‌ను ధర, రెసిడ్యువల్ రెండూ కూడిన మొత్తం మీద వేస్తారు. ఎందుకు కూడారా అనిపిస్తుంది గానీ అందులో మోసం లేదు: అప్పు సగటు నిల్వ ఆ మొత్తంలో సగం. ఆ సగం తాలూకు రెండూ, పన్నెండు నెలలూ, వంద శాతమూ గుణించుకుంటేనే 2400 అయింది.

కారు మీద రాసిన ధర 100 అనుకుందాం. 36 నెలల తర్వాత రెసిడ్యువల్ 55. బేరమాడకుండా తీసుకుంటే తరుగు నెలకు 1.25, వడ్డీ 0.39, మొత్తం 1.64. అదే కారును 94కి దింపితే తరుగు 1.08, వడ్డీ 0.37, మొత్తం దాదాపు 1.46. రెసిడ్యువల్‌ను సాధారణంగా రాసిన ధర మీదే లెక్కేస్తారు కాబట్టి, మీరు తగ్గించిన 6 మొత్తం తరుగులోంచే పోయింది. మూడేళ్లకు మిగిలేది దాదాపు 6.5. ‘నెలకు ఎంతలో కావాలి?’ అన్న ప్రశ్నకు జవాబు చెబితే ఈ లెక్క మీ చేతిలోంచి జారిపోతుంది. ముందు ధర తేల్చుకుని, తర్వాత వడ్డీ అడిగి, చివరగా కిస్తు చూడాలి.

ఇప్పుడు ఆ లీజులోకి 3 విలువ చేసే ప్యాకేజీ చేర్చండి. ధర 3 పెరిగింది, రెసిడ్యువల్ మాత్రం ఉన్నచోటే ఉంది. అంటే ఆ 3నీ పూర్తిగా మీరే కట్టేస్తారు, పైన 0.27 వడ్డీ. గీత పడని బానెట్ మాత్రం మీ తర్వాత వచ్చే ఓనరుకు పోతుంది. లీజు మనిషికి ఫుల్ బాడీ ఫిల్మ్ వద్దని మేం గట్టిగా చెప్పేది ఇందుకే.

లీజుకు ముందు పెద్ద మొత్తం కట్టి కిస్తు తగ్గించుకునే అలవాటు కూడా మానుకోవడం మంచిది. నెల తిరక్కుండా కారు దొంగల పాలైనా, బాగుచేయలేనంతగా దెబ్బతిన్నా, ఇన్సూరెన్సు డబ్బు వెళ్లేది కారు ఓనరైన లీజు కంపెనీకి. గ్యాప్ కవర్ ఉంటే ఇన్సూరెన్సు ఇచ్చినదానికీ కాంట్రాక్టు బాకీకీ మధ్య తేడా పూడుతుంది. మీరు ముందు కట్టిన మొత్తాన్ని అది మామూలుగా వెనక్కి తేదు.

టైర్లు, రిమ్ముల కవర్: లీజుకు మంచిదే, నిబంధనలు చదివాకే

తిరిగిచ్చే రోజు బిల్లు ఎక్కువగా పెరిగేది పెయింట్ దగ్గర కాదు. ముక్కుమీద పడిన నాలుగు చిన్న రాతి మచ్చలను చాలా కాంట్రాక్టులు మామూలు అరుగుదలగానే చూస్తాయి. ఒరిపిడి గీతలున్న రిమ్ములు, అరిగిన టైర్లు, పగులు తీసిన అద్దం, పోయిన రెండో తాళం, ఒప్పుకున్నదానికి మించి తిరిగిన కిలోమీటర్లు: వీటికే లెక్క కడతారు. 20, 21 అంగుళాల రిమ్ముల మీద టైరు పక్కగోడ చాలా తక్కువ ఎత్తుంటుంది. గుంతలో పడితే దెబ్బ నేరుగా రిమ్ముకే తగులుతుంది. కాబట్టి ఈ కవర్ లీజు మనిషికి పనికొస్తుంది.

అయితే పాలసీలో ఒక వాక్యం వెతకండి. ‘గాలి నిలవనంతగా దెబ్బతింటేనే’ అని ఉంటే, ఫుట్‌పాత్ అంచుకు రాసుకున్న గీతలకు పైసా రాదు. లీజు చివర బిల్లు వేసేది సరిగ్గా ఆ గీతలకే. గీతలు కూడా కలిసిన కవర్ అయితే తీసుకోండి, లేదంటే కొట్టేయించండి.

డైమండ్ కట్ రిమ్ములైతే ఇంకో మెలిక ఉంది. మెరిసే ముఖాన్ని లేత్ మీద చెక్కి, పైన లాకర్ అనే పారదర్శక పూత పూస్తారు. గీత పడి లాకర్ తెగిందా, తేమ లోపలికి పాకి తెల్లటి పురుగుల్లాంటి చారలు బయల్దేరతాయి. బాగుచేయాలంటే మళ్లీ చెక్కాలి, చెక్కినప్పుడల్లా లోహం పోతుంది. ఒకటి రెండు సార్లకు మించి ఏ మంచి షాపూ ఒప్పుకోదు. అందుకే గీత పడిన వారంలోనే చూపించాలి, లీజు చివరిదాకా ఆగకూడదు. గడువుకు రెండు మూడు నెలల ముందే తనిఖీ చేయించుకుంటే, ఏది బయట బాగుచేయించుకోవాలో, ఏది వాళ్లకే వదిలేయాలో తేలుతుంది.

టైర్ల గురించి ఇక్కడే చెప్పేస్తే పోతుంది. పక్కగోడ మీద నక్షత్రం గుర్తుంటే బీఎండబ్ల్యూకు, ఎంవో అనుంటే మెర్సిడెస్‌కు, ఏవో అనుంటే ఆడీకి, ఎన్ తర్వాత అంకె ఉంటే పోర్షేకు తయారైనవి. అదే సైజు, అదే పేరుతో గుర్తు లేనివి దొరుకుతాయి, నడుస్తాయి కూడా. కానీ గుర్తున్నవీ లేనివీ కలిపి వేయకండి. ఫోర్ వీల్ డ్రైవ్ కారులో ఒక టైరు పోయి మిగతావి సగం అరిగి ఉంటే, ఒక్కటే కొత్తది వేయడం ఇంకా తప్పు. చుట్టుకొలతలో తేడా వల్ల, ముందు వెనుక చక్రాలకు శక్తి పంచే ట్రాన్స్‌ఫర్ కేసులోని క్లచ్ విరామం లేకుండా పనిచేసి త్వరగా అరుగుతుంది. రన్‌ఫ్లాట్ టైరు గాలి పోయాక మామూలుగా గంటకు 80 కిలోమీటర్ల వేగం మించకుండా, 80 కిలోమీటర్ల దూరం దాకా నడుస్తుంది. అలా నడిపినదాన్ని పంక్చరు వేయించి మళ్లీ వాడుకుందామనుకోకండి.

పీపీఎఫ్: ఉంచుకునే కారుకు మా ఓటు

నాలుగు అంకెలు పక్కపక్కన పెట్టుకుంటే చాలు. ఫ్యాక్టరీ పెయింట్ పొరలన్నీ కలిపి సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్లు. అందులో పైనుండే పారదర్శక పొర, క్లియర్ కోట్, 40 నుంచి 50. సిరామిక్ కోటింగ్ ఒకటి, మహా అయితే రెండు. పీపీఎఫ్ ఒక్కటే 150 నుంచి 200. ముందు లారీ టైరు విసిరిన రాయిని ఏది ఆపగలదో చెప్పడానికి ఇంకేం కావాలి?

పీపీఎఫ్ అంటే థర్మోప్లాస్టిక్ పాలియురెథేన్ (టీపీయూ) షీటు. మంచి రకాలకు పైన పలచటి పూత ఒకటుంటుంది, సన్నటి గీతలు ఎండకో వేడినీళ్లకో వాటంతటవే పూడిపోయేది ఆ పూత వల్లే. షీటును కోసుకుపోయిన గాటు పూడదు. పీవీసీ షీటును కూడా పీపీఎఫ్ అనే పేరుతో అమ్ముతుంటారు. అది పసుపు రంగుకు తిరిగి, గట్టిపడి, తీసేటప్పుడు ముక్కలు ముక్కలుగా ఊడుతుంది. బిల్లు మీద టీపీయూ అని రాయించుకోవాలి.

మంచి ఫిల్మ్ కూడా చెడ్డ చేతుల్లో పాడవుతుంది. ప్యానెల్ మీద సబ్బునీళ్లు చల్లి షీటు పరుస్తారు, జారుతుంది కాబట్టి సర్దుకోవచ్చు. అంచులు అతకాల్సిన చోట నీళ్లు కలిపిన ఐసోప్రొపైల్ ఆల్కహాల్ చల్లితే జిగురు పట్టుకుంటుంది. మధ్యలోంచి అంచులకు స్క్వీజీతో నీళ్లు తోసేస్తారు. బంపరు మూలల్లో, ఫాగ్ లైటు గూడు లోపలికి వంగే చోట షీటును సాగదీయక తప్పదు. అతిగా లాగితే ఆ చోట జిగురు మీద అడ్డచారలు పడతాయి, వారంలో అంచు లేచి కింద దుమ్ము చేరుతుంది. కారు తీసుకునేటప్పుడు చూడాల్సింది ముందు ఆ మూలలే, తర్వాతే బానెట్ మధ్య.

ఇంకోటి బ్లేడు. కంప్యూటర్ ప్లాటర్ మీద ముందే కోసిన షీటు అయితే అంచు దగ్గర ఒకటి రెండు మిల్లీమీటర్లు ఖాళీ కనిపిస్తుంది గానీ పెయింట్ మీద కత్తి పడదు. పెద్ద షీటు పరిచి కారు మీదే కోస్తే అంచు అందంగా లోపలికి మడుస్తారు, కాకపోతే చెయ్యి ఒక్క వెంట్రుకవాసి ఎక్కువ నొక్కినా క్లియర్ కోట్ తెగుతుంది. ఆ గాటు అప్పుడు కనిపించదు, కొన్నేళ్ల తర్వాత ఫిల్మ్ తీస్తే గీటు గీసినట్టు బయటపడుతుంది. పెయింట్ మీద బ్లేడు పెట్టరని, కోయాల్సివస్తే నైఫ్‌లెస్ టేపు వాడతారని రాసిస్తేనే పని అప్పగించండి. నైఫ్‌లెస్ టేపు లోపల సన్నటి దారం ఉంటుంది, దాన్ని లాగితే షీటు తెగుతుంది, పెయింట్‌కు ఏమీ కాదు.

వేశాక మొదటి కొన్ని రోజుల్లో కనిపించే నీటి బుడగలకు కంగారు పడక్కర్లేదు, కొన్ని వారాల్లో ఆరిపోతాయి. వేలితో నొక్కితే కదలని గాలి బుడగ, చుట్టూ గుడారంలా లేచిన దుమ్ము రేణువు మాత్రం అలాగే ఉంటాయి. వారం దాకా కడగకండి. ఆ తర్వాత కూడా ప్రెషర్ వాషర్ నాజిల్‌ను కనీసం 30 సెంటీమీటర్ల దూరంలో ఉంచండి, ఫిల్మ్ అంచుకు ఎదురుగా కొట్టకండి. పార్కింగ్ సెన్సర్ల గుండ్రటి ముఖాల మీద ఫిల్మ్ ఉంటే ఏమీ లేనిచోట బీప్ కొట్టే అవకాశం ఉంది. అక్కడ కోసి వదిలేయమనండి.

ఎంత మేరకు వేయించాలి? ముందు బంపరు, బానెట్ మొత్తం, ముందు ఫెండర్లు, సైడ్ మిర్రర్ల వెనుక భాగాలు, హెడ్‌లైట్లు, వెనుక చక్రాలకు ముందుండే పలక. దెబ్బలు ఎక్కువగా తినేది ఇంతవరకే. బానెట్‌కు సగం దాకా వేసే చవక పని వద్దు, అడ్డంగా గీత కనిపిస్తుంది, దాని వెంబడి మట్టి పేరుకుంటుంది. మ్యాట్ పెయింట్ ఉంటే మాత్రం మొత్తం కారుకు వేయించండి. మ్యాట్ మీద పిట్ట రెట్ట మచ్చ పడితే పాలిష్ పట్టడానికి లేదు, పడితే అక్కడ మెరుపు మచ్చ మిగులుతుంది. ప్యానెల్ మొత్తం మళ్లీ పెయింట్ వేయడం తప్ప దారి లేదు. ఫిల్మ్ ఉంటే ఆ ఒక్క షీటు మారుస్తారు.

సిరామిక్ కోటింగ్: ఫర్వాలేదు

‘9హెచ్ గట్టిదనం’ అన్న మాట విని వజ్రంతో పోల్చుకోకండి. అది పెన్సిల్ ములుకులతో గీకి చూసే కొలమానం, రాళ్ల గట్టిదనం కొలిచేది వేరు. ఒకటి రెండు మైక్రాన్ల పొర రాతి దెబ్బను ఆపదు, మురికి గుడ్డ గీతలనూ ఆపదు. చేసేది ఇంకోటి: నీళ్లు పూసల్లా జారతాయి, మట్టి గట్టిగా అంటుకోదు, కడగడం సులువవుతుంది. ఉప్పునీళ్లు, బోరునీళ్లు దాని మీద ఎండితే తెల్లమచ్చలు పడతాయి, కోటింగ్ ఉన్నా పడతాయి.

దీని ఖర్చులో ఎక్కువ భాగం సీసాలో లేదు, ముందు చేసే పనిలో ఉంది. కడగడం, ఇనుప రేణువులు కరిగించే ద్రవం, క్లే, పాలిష్, ఆల్కహాల్‌తో తుడిచి నూనె తీయడం. పాలిష్ పట్టిన ప్రతిసారీ కొన్ని మైక్రాన్ల క్లియర్ కోట్ పోతుంది. ఉన్నదే 40, 50 కదా, ఏటా పట్టించుకుంటూ పోవడానికి కుదరదు. షోరూమ్‌లో మధ్యాహ్నం రెండు గంటల్లో పూసి ఇచ్చేస్తామంటే ఆ పనులు జరగవని అర్థం. ‘జీవితకాల వారంటీ’ అన్నచోట, ఏటా డబ్బు కట్టి తనిఖీ చేయించుకోవాలన్న షరతు ఉందేమో చూడండి. మూడు నాలుగు నెలలకోసారి స్ప్రే సీలెంట్ కొట్టుకునే ఓపికుంటే ఈ సుఖంలో చాలావరకు దానితోనే వస్తుంది. ఫిల్మ్, కోటింగ్ రెండూ కావాలంటే ముందు ఫిల్మ్, దాని మీద కోటింగ్.

దండగ పద్దులు

నైట్రోజన్: మామూలు గాలిలో 78 శాతం అదే. అండర్‌కోటింగ్: తుప్పు నిలవకుండా ఫ్యాక్టరీలోనే పూత వేసి పంపుతారు, పైన మళ్లీ పిచికారీ చేస్తే నీళ్లు కారే రంధ్రాలు పూడుకుపోయే ప్రమాదం ఉంది. లెదర్ ట్రీట్‌మెంట్: ఇప్పటి కార్ల సీట్లలో చాలావరకు తోలు మీద రంగు పొర, రక్షణ పొర ముందే ఉంటాయి, ఏ నూనె రాసినా లోపలికి ఇంకదు, జిడ్డుగా పైనే నిలిచి దుమ్ము పట్టిస్తుంది. లేత రంగు సీట్లకు అసలు శత్రువు జీన్స్ నీలం. నెలకోసారి లెదర్ క్లీనర్ మెత్తటి బ్రష్షు మీద వేసి రుద్ది, మైక్రోఫైబర్‌తో తుడిస్తే అది పేరుకోదు. పైపొర లేని అనిలీన్ లెదర్‌కూ, స్వెడ్‌లాంటి ఆల్కంటారా బట్టకూ ఈ పద్ధతి వద్దు, వాటికి మాన్యువల్‌లో చెప్పిందే.

డెలివరీకి ముందు ఒక్క మాట

‘కారు కడగొద్దు’ అని రాతపూర్వకంగా చెప్పండి. కొత్త కారు మీద సాలెగూడులా కనిపించే సన్నటి గీతల్లో చాలావరకు డెలివరీ రోజు పొద్దున మురికి గుడ్డతో పడినవే. పైన ఫిల్మ్ వేస్తే అవి కింద అలాగే ఉండిపోతాయి.

పెయింట్ మందం కొలిచే మీటరు తెచ్చుకోండి, అల్యూమినియం మీద కూడా పనిచేసేది. లగ్జరీ కార్లకు బానెట్ తరచూ అల్యూమినియమే. ప్యానెళ్లన్నీ 110, 120 చూపిస్తూ ఒక తలుపు 250 చూపిస్తే, రవాణాలో దెబ్బ తగిలి మళ్లీ పెయింట్ వేశారేమోనని అడగాల్సిందే. అలాంటి ప్యానెల్ నుంచి తర్వాత పీపీఎఫ్ పీకితే పెయింట్ దాంతోపాటే ఊడి రావచ్చు. టైరు మీద చివరి నాలుగంకెలు తయారీ వారం, ఏడాది: 2324 అంటే 2024లో 23వ వారం. యార్డులో నెలల తరబడి నిలబడ్డ కారైతే బ్యాటరీ వోల్టేజీ చూడాలి. ఇంజన్ ఆపి కొన్ని గంటలయ్యాక 12.4 కంటే తక్కువుంటే చార్జింగ్ పెట్టించండి, 12.2 దగ్గర చాలాకాలం పడి ఉన్నదైతే కొత్తది అడగండి. కొన్ని కార్లలో బ్యాటరీ మారిస్తే కంప్యూటర్‌లో నమోదు కూడా చేయాలి, లేకపోతే చార్జింగ్ పాత బ్యాటరీకి తగ్గట్టే జరుగుతుంది.

మొదటి 1500 నుంచి 2000 కిలోమీటర్లు ఇంజన్‌ను అదిమి పెట్టి నడపకండి. మెర్సిడెస్ మొదటి 1500 కిలోమీటర్లలో గరిష్ఠ ఆర్‌పీఎంలో మూడింట రెండు వంతులు దాటొద్దంటుంది. బ్రేకులు పూర్తిగా కుదురుకోవడానికి దాదాపు 500 కిలోమీటర్లు పడుతుంది. లీజు కారైనా ఇది పాటించండి, ఆ బ్రేకుల మీద కూర్చునేది మీరే.

పొడిగించిన వారంటీ

36 నెలల లీజు అసలు వారంటీలోనే తీరిపోతుంటే దీనితో పనే లేదు. కారు ఉంచుకునేవాళ్లకు మాత్రం, పీపీఎఫ్‌కూ దీనికీ మధ్య ఒక్కదానికే డబ్బుంటే, దీన్నే ఎంచుకోమంటాం. పెయింట్ మచ్చతో కారు నడుస్తుంది, సస్పెన్షన్‌కు గాలి కొట్టే కంప్రెసర్ కాలిపోతే నడవదు.

కారును గాలి నింపిన రబ్బరు స్ప్రింగుల మీద నిలిపే ఎయిర్ సస్పెన్షన్ సంగతే చూడండి. రబ్బరు ఎయిర్ స్ప్రింగులో వెంట్రుకంత చీలిక వస్తుంది. రాత్రి పార్క్ చేసిన కారు పొద్దున ఒక మూల కిందికి దిగి కనిపిస్తుంది. స్టార్ట్ చేయగానే లేచి సర్దుకుంటుంది కాబట్టి జనం పట్టించుకోరు. ఆ కారుతున్న గాలిని పూడ్చడానికి కంప్రెసర్ రోజూ ఎక్కువసేపు తిరిగి, వేడెక్కి, ఒకరోజు ఆగిపోతుంది. ఒక స్ప్రింగుతో పోవాల్సింది కంప్రెసర్‌దాకా వస్తుంది. చక్రం మార్చేముందు సస్పెన్షన్‌ను కదలకుండా ఆపే జాక్ మోడ్ వేయకపోతే, లేపిన మూలను సిస్టమ్ సరిచేయబోయి ఇంకో రకం నష్టం.

వారంటీలు రెండు రకాల కాగితాల మీద వస్తాయి. ‘వీటికి వర్తించదు’ అని జాబితా ఇచ్చి మిగతావన్నీ ఒప్పుకునేది ఒకటి, ‘వీటికే వర్తిస్తుంది’ అని జాబితా ఇచ్చేది ఇంకోటి. మొదటిది తీసుకోండి. రెండోదే దొరికితే వేలు పెట్టి వెతకండి: ఎయిర్ స్ప్రింగులు, కంప్రెసర్, మధ్య స్క్రీన్, ఎల్ఈడీ హెడ్‌లైట్ యూనిట్, డ్రైవర్ అసిస్టెన్స్ రాడార్, టర్బో. ఆయిల్ మార్పు రసీదుల మీద మాన్యువల్‌లో చెప్పిన గ్రేడు, ఉదాహరణకు మెర్సిడెస్ ఎంబీ 229.52 లేదా ఫోక్స్‌వాగన్ 504 00, స్పష్టంగా రాయించి దాచండి. క్లెయిము పెట్టిన రోజు వాళ్లు ముందు అడిగేది ఆ రసీదులే. పై ఆరింటిలో సగం జాబితాలో లేకపోతే ఆ గడికి ఎదురుగా కూడా ‘వద్దు’ అని రాసి కాగితం వెనక్కి ఇచ్చేయండి.